బంపరు విప్పిన ఖాసిం గారు

పోయిన శుక్రవారం ఉదయం మా ఇంట్లో ఫోను మోగింది. అవతల షమీమ్, ఖాసిం గారి పెద్దమ్మాయి. "మాస్టారూ, నాన్నగారు తెల్లవారుజామున పోయారండీ" అంది. ఆ అమ్మాయి స్కూల్లో టీచరు, ఎంత గోలలోనైనా గొంతు వణకకుండా మాట్లాడగల మనిషి. ఆ ఒక్క మాట చెప్పి ఫోను పెట్టేసింది.  ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు దాని పక్కనే నిలబడి ఉన్నానని నా భార్య తరువాత చెప్పింది. అంతకు నాలుగు రోజుల ముందే ఆయన పక్కన కూర్చుని టీ తాగి వచ్చాను. కొద్దిగా ఆయాసపడుతున్నారు. వెల్డింగు పొగలో బతికిన మనిషికి అది మామూలే కదా అనుకున్నాను. అలా అనుకోవడం నా తప్పేమోనన్న వేదన ఇప్పుడు నన్ను వదలడం లేదు.

షేక్ ఖాసిం గారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా వెల్డింగు షెడ్డు నడిపారు. ఆయన పేరు పత్రికలలో రాలేదు, ఏ వేదిక మీదా ఆయనకు శాలువా కప్పలేదు. నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. జిజ్ఞాస అనే మాటను తరగతి గదిలో కొన్ని వేలసార్లు ఉచ్చరించి ఉంటాను. దానికి మానవాకృతి వస్తే ఎలా ఉంటుందో మాత్రం ఆటోనగర్‌లోని ఆ రేకుల షెడ్డులోనే చూశాను. అందుకే, చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఆయన గురించి నాలుగు మాటలు రాసి పెట్టాలని, ఆ పని నా మీదే పడిందని భావించి ఇది రాస్తున్నాను.

పొట్టి మనిషి. నిప్పురవ్వలు పడి చేతుల మీద తెల్లటి మచ్చలు, ఖాకీ చొక్కా నిండా ఆవగింజంత రంధ్రాలు. కళ్ళజోడు జారిపోకుండా దారంతో తలకు కట్టుకునేవారు. ఏ పని తెచ్చినా ఆయన నోట వచ్చే మొదటి మాట, "ఉండండి, చూద్దాం." ఆ 'చూద్దాం' ఒక గంట పట్టవచ్చు, రెండు రోజులు పట్టవచ్చు. దానివల్ల ఎందరో ఖాతాదారులు పక్క షెడ్లకు వెళ్ళిపోయారు. ఆయన భార్య రజియా గారు ఈ విషయం మీద ఆయనను దెప్పని రోజు లేదు. ఆయన నవ్వేవారు తప్ప మారలేదు. తొందరపెట్టిన వారి మీద చిరచిరలాడేవారు కూడా. మహాత్ముణ్ణి చిత్రించడం నా ఉద్దేశం కాదు. ఉన్న మనిషిని ఉన్నట్టు చెప్పాలని మాత్రమే నా కోరిక.

మా పరిచయం ఒక లారీ బంపరుతో మొదలైంది. తొంభైల చివరి సంవత్సరాలవి. మా అక్క భర్త సాంబశివరావు బావగారు చల్లపల్లి దగ్గర వ్యవసాయం చేసేవారు. ధాన్యం బస్తాలు మిల్లులకు తోలుకోవచ్చునని హనుమాన్ జంక్షన్‌లో ఒక పాత లారీ కొన్నారు. ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి. వెనక బంపరు మాత్రం ఒక పక్కకు వంగి, నేలకు బాగా ఎత్తుగా ఉంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం తీసుకెళితే ఇన్‌స్పెక్టరు దాన్ని మార్చుకుని రమ్మన్నాడట. వెనక నుంచి స్కూటరు వచ్చి గుద్దుకుంటే మనిషి తలతో సహా లారీ కిందికి దూరిపోతాడని చెప్పాడట. అందుకని బావగారు బండిని విజయవాడ తెచ్చి, పటమటలో ఉన్న నన్ను తోడు తీసుకుని ఆటోనగర్ వెళ్ళారు.

సాధారణంగా బంపరును బోల్టులతో బిగిస్తారు, పాడైతే విప్పి మార్చుకుంటారు. దీన్ని మాత్రం ఎవరో చాసీ కొసలకే నేరుగా వెల్డింగు చేసేశారు. చాసీ అంటే లారీ బరువంతా మోసే రెండు పొడవాటి ఇనుప దూలాలు. మొదట చూసిన రెండు షెడ్ల వాళ్ళూ గ్యాసుతో కోసేసి గంటలో కొత్తది అతికిస్తామన్నారు, కానీ వాళ్ళ చేతిలో అప్పటికే పనులున్నాయి. అలా మూడో షెడ్డుకు, అంటే ఖాసిం గారి దగ్గరకు, వెళ్ళాం.

ఆయన లారీ కిందికి దూరి అరగంట బయటికి రాలేదు. వచ్చాక ఒక చిన్న సుత్తి తీసుకుని ఎడమ చాసీ కొసను కొట్టారు. ఖంగుమంది. కుడి పక్కన కొట్టారు. ఆ చప్పుడులో జీవం లేదు. మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. తరువాత బావగారి వైపు తిరిగి, దీన్ని ఎవరు వెల్డింగు చేశారో తెలుసా అని అడిగారు. తెలియదన్నారు బావగారు. ఎందుకు చేశారో అయినా తెలుసా అని అడిగారు. బావగారికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. తీసి పారేసేదాని పుట్టుపూర్వోత్తరాలు మనకెందుకని నాకూ అనిపించింది.

"బోల్టు వేసేవాడు రేపు విప్పుతామనుకుని వేస్తాడండీ. ఇలా అతికించినవాడు విప్పకూడదనుకున్నాడు. ఎందుకనుకున్నాడో తెలిసేదాకా నేను గ్యాసు పెట్టను" అన్నారు ఖాసిం గారు.

చాసీ ఇనుముకు గ్యాసు మంట తగిలితే ఆ మేర బలం పోతుందని, అందుకని వెల్డింగు మేరకే గ్రైండరుతో కొద్ది కొద్దిగా అరగదీస్తానని చెప్పారు. ముందు బ్యాటరీ తీగలు ఊడదీయించారు. వెనక లైట్ల వైర్లు పక్కకు తప్పించారు. బంపరు కింద జాకీ పెట్టి, పైనుంచి గొలుసుతో వేలాడదీశారు, చివరి అతుకు ఊడినప్పుడు మీద పడకుండా. ఇంత ఏర్పాటు చేసి ఆ రోజుకు ఎడమ పక్క సగం మాత్రమే అరగదీశారు.

రెండో రోజు ఎడమ పక్క పూర్తయింది. మూడో రోజు ఉదయానికి బావగారి ఓపిక నశించింది. కోతలు మొదలయ్యాయి, మిల్లుకు మాట ఇచ్చి ఉన్నారు. బండి తీసుకుపోతాను, ఇంకో షెడ్డులో కోయించుకుంటాను అన్నారు. వాళ్ళిద్దరికీ మాటామాటా పెరిగింది. ఖాసిం గారు కోపంగా గ్రైండరు కింద పెట్టి, గొలుసు విప్పబోయి, ఆగారు.

"రైతుగారూ, బస్తాల మీద మనుషులు ఎక్కుతారా?" అని అడిగారు.

ఎక్కుతారని, పది మంది దాకా కూలీలు దిగుమతి కోసం బస్తాల పైనే కూర్చుని వస్తారని బావగారు చెప్పారు.

"అయితే ఈ ఒక్క రోజు ఆగండి. అప్పటికీ ఏమీ కనబడకపోతే రేపు బండి నేనే పంపేస్తాను."

బావగారు తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళి టీ బంకు దగ్గర కూర్చున్నారు. నేను ఆ రోజు కళాశాలకు సెలవు పెట్టాను. నిజం చెప్పాలంటే, బావగారి కోసం కాదు. ఆ కుడి పక్కన ఏముందో చూడకుండా వెళ్ళడం నా వల్ల కాలేదు.

మధ్యాహ్నానికి కుడి వైపు అతుకు చివరికొచ్చింది. గ్రైండరు చివరి గీత దాటగానే బంపరు దానంతటదే చిటికెన వేలంత పక్కకు జరిగింది. ఎవరూ తోయలేదు. ఇన్నాళ్ళూ చాసీని అది ఒంటిచేత్తో గట్టిగా పట్టుకుని ఉందన్నమాట. బంపరు దించి, దాని కింద ఉన్న తుప్పును బ్రష్షుతో గీకారు ఖాసిం గారు. కళ్ళజోడు సరిచేసుకుని నన్ను దగ్గరికి పిలిచారు. స్ప్రింగు పట్టీ బిగించిన రివిట్టు కన్నం దగ్గర మొదలై, వెంట్రుకంత సన్నగా ఒక పగులు వెనక్కు సాగి ఉంది. దాని మీద నిండు బరువు పడి ఎప్పుడు తెగినా, స్ప్రింగు ఊడి, లారీ ఒక పక్కకు ఒరిగిపోయేది. బస్తాలూ, వాటి మీది మనుషులూ ఏమయ్యేవారో వేరే చెప్పనక్కరలేదు. బావగారిని పిలిచి చూపించాం. ఆయన వేలితో దాన్ని తడిమి, పక్కకు వెళ్ళి మంచినీళ్ళు తాగారు. తిరిగి వచ్చి, "ఎన్ని రోజులైనా సరే సాయిబు గారూ, మీరు చేసిందే పని" అన్నారు.

వేరే ఎవరైనా అయితే మోసగాడైన పాత యజమానిని తిట్టి, పగులు అతికి, కథ ముగించేవారు. ఖాసిం గారి చూపు ఇంకెక్కడో ఉంది. పగులు దారిలో ఒక చోట సన్నటి గుండ్రటి కన్నం కనిపించింది. అది తుప్పు తిన్నది కాదు, ఎవరో డ్రిల్లుతో వేసింది. పగులు కొసన కన్నం వేస్తే అది ఇంక ముందుకు సాగదు. బలం ఒక్క మొన మీద పడకుండా గుండ్రంగా పంచుకుపోతుంది. నేను పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పే సంగతి అది. ఇనుము మీద ఎవరో వేయగా చూడడం అదే మొదటిసారి.

"మోసం చేసేవాడు మీద రేకు కప్పి పోతాడు. ఇతను కన్నం వేశాడు. పని తెలిసినవాడు, భయం ఉన్నవాడు. మరి ఎందుకిలా మూసేశాడు?" అని ఆయన నన్ను అడిగారు. 

పగులు ఆ కన్నం దగ్గర ఆగలేదు. దాన్ని దాటి రెండంగుళాలు కిందికి సాగింది.

తరువాతి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆయన హనుమాన్ జంక్షన్ బస్సెక్కారు. లారీ పని అప్పటికి ఇంకా సగంలో ఉంది. అయినా ఆయనకు నిలకడ లేదు. బావగారికి బండి అమ్మిన మనిషి, అది తాను కొనక ముందు సంగతని, పాత డ్రైవరు ఆ అతుకు రోడ్డు పక్క వెల్డింగు కొట్టు వీరాచారి దగ్గర వేయించాడని విన్నానని చెప్పాడు. వీరాచారి గారు సులభంగానే దొరికారు. డెబ్బై దాటిన మనిషి, రెండు కళ్ళలోనూ శుక్లాలు, పని మానేసి కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఖాసిం గారు లారీ నంబరు చెప్పగానే ఆయన బల్ల మీంచి లేచి నిలబడ్డారు.

"ఆ బండి ఏమైంది నాయనా?" అన్నారు.

తరువాత కూర్చుని నెమ్మదిగా చెప్పారు. నాలుగేళ్ళ కిందట కొల్లేటి వైపు పల్లెల్లో నీళ్ళు చొరబడ్డ రోజులు. జనాన్ని బయటికి తేవడానికి లారీల కోసం వెతుకుతున్నారు. ఆ సమయానికి ఈ బండి చాసీ పగిలి ఆయన కొట్టు ముందు నిలబడి ఉంది. కరెంటు లేదు. పక్క మిల్లువాళ్ళ జనరేటరు అడిగి తెచ్చారు. చేతి డ్రిల్లుకు ఉన్న ఒక్క సన్న బిట్టు బిగించి పగులు కొసన కన్నం వేసి, దొరికిన బరువైన ఇనుప కమ్మీని చాసీ దూలాలు రెండింటికీ అడ్డంగా అతికించారు, విరిగిన కాలికి బద్ద కట్టినట్టు. బంపరనుకున్నది అసలు బంపరే కాదు. ఆ మధ్యాహ్నం బండి మూడుసార్లు నీళ్ళలోకి వెళ్ళి జనాన్ని తెచ్చింది. వారంలోగా బెజవాడ తీసుకెళ్ళి విప్పించి సరిగ్గా చేయించమని డ్రైవరుకు చెప్పారట. డ్రైవరు సరేనన్నాడు. తరువాత బండి చేతులు మారింది.

అప్పటినుంచి రోడ్డు మీద పోయే ప్రతి లారీ నంబరూ చూస్తూ కూర్చునేవాడినని, కళ్ళు మసకబారాక టీ కొట్టు అతన్ని చూడమనేవాడినని వీరాచారి గారు చెప్పారు. ఎక్కడైనా లారీ బోల్తా పడిందని తెలిస్తే ముందు నంబరు అడిగేవారట. ఇదంతా చెప్పి, "పగులు ఆగిందా?" అని అడిగారు.

"మీ కన్నం దగ్గరే ఆగిందండీ చారి గారూ" అన్నారు ఖాసిం గారు.

తిరుగు ప్రయాణంలో నేను ఊరుకోలేకపోయాను. నిజం కోసం మూడు రోజులు రైతుతో పోట్లాడిన మీరు అబద్ధం ఎందుకు చెప్పారని నిలదీశాను. వారం ఆగమని చారి గారు కన్నం వేశారు, వారం ఆగింది, తరువాత సాగిందంటే ఆ తప్పు ఆయనది కాదు అన్నారు ఖాసిం గారు. ఆ మాట అని, గన్నవరం దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. తాను చెప్పిన జవాబు తనకే నచ్చలేదని ఆయన వీపు చూస్తేనే తెలిసింది.

లారీ పని మరో నాలుగు రోజుల్లో పూర్తయింది. పగులు అసలు కొసను తడిసిన కాగితాన్ని పట్టుకున్నంత జాగ్రత్తగా వెతికి, అక్కడ లావు బిట్టుతో కన్నం వేశారు. పగులు పొడవునా గాడి తీసి, వెల్డింగు నింపి, నున్నగా అరగదీసి, లోపలి వైపు మందపాటి పట్టీ పెట్టి బోల్టులు బిగించారు. కొత్త బంపరును రెండు బ్రాకెట్లతో, పక్కకు నాలుగేసి బోల్టులతో, స్కూటరు దూరలేనంత కిందికి అమర్చారు. ఒక్క చోట కూడా చాసీకి అతికించలేదు. చివర తెల్ల కాగితం తీసుకుని, పగులు ఎక్కడ ఉండేదో, వీరాచారి గారు ఏం చేశారో, తాను ఏం చేశారో గుండ్రటి తెలుగు అక్షరాలతో రాసి, బండి కాగితాలతో పాటు ఉంచమని బావగారికి ఇచ్చారు. తరువాత విప్పేవాడికి తెలియాలి కదా అన్నారు. తొమ్మిదేళ్ళు నడిపి బండి అమ్మినప్పుడు బావగారు ఆ కాగితాన్ని కొన్నవాడికి చదివి వినిపించి మరీ ఇచ్చారు. ధర తగ్గుతుందని మా మేనల్లుడు వద్దన్నాడట, ఈయన వినలేదు.

ఆ అబద్ధం ఏమైందో నాకు లారీ పని జరిగిన ఏడాదికి తెలిసింది. బంపరు మార్చిన ఎనిమిది నెలలకు ఖాసిం గారు ఒంటరిగా మళ్ళీ హనుమాన్ జంక్షన్ వెళ్ళారట. చెప్పింది అబద్ధమని, పగులు కన్నం దాటిందని వీరాచారి గారి ముందు ఒప్పుకున్నారట. ముసలాయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నారట. ఏడుస్తారేమోనని ఈయనకు భయం వేసిందట.

"ఎంత దాటింది?" అని అడిగారట చివరికి.

"రెండంగుళాలండీ."

"ఎటు?"

"కిందికి."

"అయితే బిట్టు సన్నమైంది. పక్క కొట్లో అడిగితే లావుది ఇచ్చేవాళ్ళు. తొందరపడ్డాను" అన్నారట వీరాచారి గారు.

ఆ మీదట కన్నం ఎంత లావు ఉండాలనే దాని మీద ఇద్దరూ సాయంత్రం దాకా వాదించుకున్నారట. బల్ల మీద సుద్దముక్కతో బొమ్మలు గీసుకున్నారట. ముసలాయనకు గీత కనబడకపోతే వేలితో తడిమి చూశారట. ఈ వృత్తాంతం నాకు చెబుతూ ఖాసిం గారు అన్న మాట నేను ఎన్నటికీ మరువలేను. "ముసలాయన కదా, బాధపడతాడని దాచాను మాస్టారూ. ఆయన వెల్డరన్న సంగతి మర్చిపోయాను."

వీరాచారి గారు జీవించి ఉన్నంతకాలం ఖాసిం గారు రెండు మూడు నెలలకొకసారి అక్కడికి వెళ్ళి వచ్చేవారు. ఏం మాట్లాడుకునేవారని అడిగితే, విరిగినవాటి గురించి అనేవారు.

బంపరు తరువాత నేను ఆదివారాలు ఆ షెడ్డుకు పోవడం అలవాటు చేసుకున్నాను. ఆయన నన్ను మాస్టారూ అనేవారు కానీ, మా ఇద్దరిలో శిష్యుడెవరో నాకు సందేహం లేదు. "ఇనుము ఊరికే విరగదు మాస్టారూ, ఎక్కడో ఎవరో తొందరపడి ఉంటారు" అనేవారు. ఒకసారి బతిమాలి మా కళాశాల ప్రయోగశాలకు తీసుకెళ్ళాను. వేదిక ఎక్కనన్నారు. విద్యార్థుల మధ్య బల్ల మీద కూర్చుని, సంచీలోంచి నాలుగు విరిగిన బోల్టులు తీసి, ఏది ఒక్కదెబ్బకు విరిగిందో, ఏది రోజూ కొంచెం కొంచెం విరుగుతూ వచ్చిందో చెప్పమన్నారు. బెల్లు మోగినా పిల్లలు లేవలేదు. నా పాతికేళ్ళ ఉద్యోగంలో అలా జరిగింది ఆ ఒక్క రోజే. కొంచెం అసూయ పడ్డాననీ ఒప్పుకుంటాను.

ఇదే ఆసక్తి ఇంట్లోవాళ్ళకు ఎన్ని కష్టాలు తెచ్చిందో కూడా చెప్పాలి. షమీమ్ నిశ్చితార్థం రోజు పెళ్ళికొడుకు తరఫువారు వచ్చి కూర్చున్నా ఈయన జాడ లేదు. ఎవరో తెచ్చిన విరిగిన క్రేను కొక్కెం పట్టుకుని షెడ్డులో కూర్చున్నారు. మసి చేతులతో పరుగెత్తుకొచ్చి, క్షమాపణ చెప్పడం మాని, ఆ కొక్కెం ఎలా విరిగిందో వియ్యంకుడికి వివరించడం మొదలుపెట్టారు. రజియా గారు ఆ సంగతి తలచుకుని మొన్న శుక్రవారం ఏడుపు మధ్యలోనే నవ్వారు.

జనాజా మధ్యాహ్నం నమాజు తరువాత బయలుదేరింది. ఆ వరుసలో ఉన్న షెడ్లవాళ్ళంతా పని ఆపేశారు. ఒకప్పుడు ఆయన నిదానాన్ని వేళాకోళం చేసిన వెల్డర్లే భుజం పట్టారు. బావగారు చల్లపల్లి నుంచి వచ్చి, ఖబరస్తానులో అందరితో పాటు మూడు గుప్పిళ్ళ మట్టి వేశారు. నేనూ వేశాను. బావగారు నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు బండి తీసుకుపోయి ఉంటే బావా" అని మాత్రం అన్నారు. 

వెల్డింగు నేర్చినవారు ఆటోనగర్‌లో వందల మంది ఉన్నారు, వారి నైపుణ్యానికి నా నమస్కారం. కానీ తన కంటే ముందు ఆ ఇనుమును తాకిన అజ్ఞాత హస్తాన్ని గౌరవించి, ఆ చేయి ఏమనుకుందో తెలుసుకోనిదే తన చేయి వేయని శిల్పి ఖాసిం గారొక్కరే. ఆ స్థానం శూన్యమైంది. దాన్ని పూరించగలవారెవరో నాకు కనబడడం లేదు. ఆ మహనీయ స్మృతికి ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు వినమ్రంగా సమర్పించగల అంజలి ఇదే.

ఖబరస్తాను నుంచి పటమటకు నడిచి వస్తుంటే, రోడ్డు పక్కన ఒక ఇటుకల లారీ ఆగి ఉంది. దాని వెనక తలుపు గొలుసులో ఒక్క లంకె మాత్రం మిగతావాటికన్నా పొడవుగా సాగి ఉంది. రెండు పక్కలా ఒకే బరువు పడే గొలుసులో మధ్య లంకె ఒక్కటే ఎందుకు సాగుతుందో నాకు అంతుపట్టలేదు. వంగి చూశాను, వేలితో కొలిచాను, ఆదివారం ఖాసిం గారిని అడగాలి అనుకున్నాను. అనుకుని నాలుగడుగులు వేశాను.